ఏటి దాకా తెలిసిన పాట

తర్కం మాస్టారు పోయారు. ఊళ్ళో పెళ్ళికి వస్తున్న చుట్టాలను దింపుకోవడానికి కోవిల్‌పట్టి స్టేషనుకు వెళ్తే, అక్కడ టిక్కెట్లిచ్చే మిత్రుడు కిటికీలోంచే చెప్పాడు. వాడూ నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం. "నీకింకా తెలియదా? మొన్న సాయంత్రం విరుదునగర్‌లో, వాలుకుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే" అన్నాడు. ఇంకేదో కూడా చెప్పాడు, నాకు వినపడలేదు. వెనక నిలబడ్డ పెద్దాయన అరవంలో గట్టిగా కసిరితే గానీ నేను అక్కణ్ణించి కదల్లేదు. బండి వచ్చింది, చుట్టాలు దిగారు, ఏమిరా ముఖం అట్లా ఉంది అని అడిగారు. మా వాత్తియారు పోయినారు అని చెప్పాను. మాస్టారిని మావైపు అట్లాగే అంటాం. అంతకన్నా వివరంగా చెప్పడానికి ఆ పూట నాకు నోరు రాలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

తర్కశాస్త్రం ఎక్కడ చెప్పినా ఒకే వాక్యంతో మొదలుపెడతారట: మనుషులందరూ మరణించేవారే. మా మాస్టారు ఆ ఉదాహరణ ఏనాడూ చెప్పలేదు. "మీసం మొలుస్తున్న పిల్లల ముందు ఆ మాటెందుకయ్యా? అది ఎవరూ చెప్పకుండానే తెలుస్తుందిలే" అనేవారు. ఆయన ఉదాహరణలన్నీ ఎద్దులు, వానలు, మిరపకాయల బస్తాలు. "నల్లరేగడి తడిస్తేనే కాలికి అంటుకుంటుంది. నీ కాలికి నల్లరేగడి అంటుకుంది. కనుక నువ్వు నడిచిన నేల తడిసింది. ఇందులో ఏ మెట్టు తప్పు?" అని నన్ను నిలబెట్టి అడిగారొకసారి. ఏదీ తప్పు కాదండీ అన్నాను ధీమాగా. "నేల ఎండిపోయే ఉందయ్యా. నువ్వు బావి దగ్గర కాళ్ళు కడుక్కుని నడిచావు" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. ఆలోచన అంటే మెట్లెక్కడం, ప్రతి మెట్టు మీదా బరువు వేసి చూడాలి అని ఆయన నమ్మకం. హాస్టల్లో సాంబారు నీళ్ళగా ఉందని మేము మొర పెట్టుకున్నా, ముందు ఏ మెట్టు తప్పో చెప్పమనేవారు.

ఆ కాలేజీ గురించి చెప్పాలి. కాలేజీ అనగానే ఇప్పటివాళ్ళు పెద్ద పెద్ద స్తంభాలు ఊహించుకుంటారు. మాది విరుదునగర్ చివర ఒక పాత పత్తి గోదాము. ఊరి పేరు మారి కొన్నేళ్ళయినా మావాళ్ళ నోట అది విరుదుపట్టే. ఎవరో వ్యాపారి గోదామును దానమిచ్చాడు, అందులో ఇంటర్మీడియట్ చదువు పెట్టారు. లెక్చరర్లు పట్టుమని అయిదారుగురు. మధురకో పాళయంకోటకో పంపే స్తోమత లేని ఇళ్ళ పిల్లలం అందులో చేరాం. పైకప్పు దూలాల సందుల్లో పాత పత్తి ఇంకా ఇరుక్కునే ఉండేది. ఎవరైనా ఆవేశంగా ఉపన్యాసమిస్తే శ్రోతల నెత్తిన దూది రాలేది. ఇంగ్లీషు లెక్చరరు గారు నాటకం ఆడించిన రోజున రాజుగారి కిరీటమంతా దూదే. అయినా సరే, ఆ గోదాములో నేను చూసినన్ని వింతలు ఆ తరువాత ఎక్కడా చూడలేదు. మ్యాజిక్ లాంతరులో మంచుకొండలు చూశాను. గ్రామఫోను అక్కడే మొదటిసారి విన్నాను, పెట్టె వెనక్కి వెళ్ళి మనిషి కోసం వెతికాను కూడా.

ఈ వింతలన్నీ శనివారం సాయంత్రాలు జరిగేవి. ఆ సభ నడిపేది తర్కం మాస్టారే. మొదట్లో మేము ఇంగ్లీషు పద్యాలు బట్టీ పట్టి, అర్థం కాకపోయినా చేతులు తిప్పుతూ అప్పగించేవాళ్ళం. ఆయన కొన్ని వారాలు ఓపిక పట్టారు. ఒక శనివారం లేచి, "అందరూ అద్దె బట్టలు కట్టుకొచ్చారు. బాగున్నాయి, కాదనను. మీ ఇంటి బట్టలేవి?" అన్నారు. అప్పటి నుంచి కొత్త నియమం వచ్చింది. ప్రతి విద్యార్థీ ఏదో ఒక శనివారం తన ఇంట్లో ఉన్నదాన్ని సభకు తేవాలి. పాట గానీ, కత గానీ, ఆట గానీ. దానికి మేము ఇంటి వంతు అని పేరు పెట్టుకున్నాం.

అబ్బ, ఎన్నెన్ని వచ్చాయో! నూనె వ్యాపారి కొడుకు వాళ్ళ అవ్వను రిక్షా లాంటి బండిలో కూర్చోబెట్టి తోసుకొచ్చాడు. ఆమె పాడిన లాలిపాటకు ముందు వరసలో ఇద్దరు నిజంగానే నిద్రపోయారు. శివకాశి వైపు నుంచి వచ్చిన క్రైస్తవ మిత్రుడు తండ్రి చేత ఫిడేలు వాయింపించాడు. ప్రతి ఇంటి వంతూ అయ్యాక మాస్టారు ఒకే ఒక్క ప్రశ్న వేసేవారు: "ఇది మీకెవరిచ్చారు?" మా అమ్మమ్మ అంటే, ఆమెకెవరిచ్చారు అని అడిగేవారు. అట్లా వెనక్కి వెనక్కి పోయి, ఇక తెలియదు అన్నచోట ఆగి, ఒక క్షణం తల వంచుకునేవారు. దేవుడికి దండం పెట్టని మనిషి ఆయన. ఆ తెలియనివాళ్ళకు మాత్రం దండం పెట్టేవారేమో అని నాకనిపించేది.

నా వంతు దగ్గర పడేకొద్దీ నాకు బెంగ పట్టుకుంది. మాది పుదూరు దాటాక వచ్చే మెట్ట పల్లె. ఇంట్లో మాట తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు మాట్లాడతాం గానీ చదవడం రాయడం మా తాతకు రాదు, మా నాన్నకు రాలేదు, అప్పటికి నాకూ రాదు. మాస్టారిది నెల్లూరు వైపు. ఆయన తెలుగు నాకు సగమే అర్థమయ్యేది. నేను తెలుగులో నోరు విప్పితే మిత్రులు నవ్వేవాళ్ళు, ఆయన మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని వినేవారు. "ఆ మాట మళ్ళీ అనవయ్యా! మా జేజి అనేది దాన్ని. ఆవిడతోనే పోయిందనుకున్నాను" అనేవారు. ఆదివారాలు హాస్టల్ వసారాలో కూర్చోబెట్టి నాకు ఓనమాలు దిద్దించింది కూడా ఆయనే. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ వసారా పుణ్యమే.

"మీ ఇంట్లో ఏముంది?" అని అడిగారు ఒకరోజు.

"ఏమీ లేదండీ. ఎద్దులున్నాయి."

"ఎద్దుల సంగతి తరువాత. మీ ఇళ్ళలో పెళ్ళిళ్ళకు ఆడవాళ్ళు పాడరా?"

పాడతారు. చెప్పక తప్పలేదు. మా పెద్దలు ఉత్తరాన ఎక్కడో తెలుగు దేశంలో ఉండగా, ఒక రాజు మా ఇంటి పిల్లను బలవంతంగా చేసుకుంటానంటే, రాత్రికి రాత్రి పిల్లను తీసుకుని ఊరంతా పారిపోయి వచ్చిందట. వెనక గుర్రాలు, ముందు వరదలో ఏరు. గట్టు మీద చెట్టు వంగి వంతెనయితే దాని మీదుగా అందరూ దాటారట. తాళి కట్టే ముందు ఆ పాట పాడితేనే మాకు పెళ్ళి. అయితే పాట రెండు ముక్కలు. ఏటి దాకా ఆడవాళ్ళందరూ కలిసి పాడతారు. ఏరు దాటించే భాగం మాత్రం ఒక్కరే ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు వంత పాడాలి. మా ఊళ్ళో అది మా నాయనమ్మ దగ్గర ఉండేది, ఆమె నుంచి మా అమ్మకు వచ్చింది. నా చిన్నప్పుడే మా నాన్న పోయాడు. ఆ నాటి నుంచి మా అమ్మ పెళ్ళి పందిట్లోకి అడుగు పెట్టలేదు, పెట్టనివ్వలేదు. ఇంకెవరికీ ఆ భాగం రాదు. అందుకని మా ఊరి పెళ్ళిళ్ళలో ఏటి గట్టు దాకా పాడి, హడావుడిగా హారతి ఇచ్చేస్తారు.

ఇదంతా విని మాస్టారు పొడుం డబ్బీ తీశారు, పీల్చకుండానే మూశారు.

"అంటే ఇన్నేళ్ళుగా మీవాళ్ళందరూ ఆ గట్టు మీదే ఉన్నారా?" అన్నారు.

నేనెప్పుడూ అట్లా ఆలోచించలేదు.

సెలవు రోజు చూసుకుని మాస్టారు నాతో బయలుదేరారు. అరుప్పుకోట దాకా మోటారు బస్సు, అక్కడి నుంచి పుదూరు మీదుగా ఎద్దుబండి. దారిలో అంగట్లో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు కొన్నారు. పిలవడానికి వెళ్తూ వట్టి చేతులతో ఎట్లా వెళ్తాం అన్నారు. నేను తలూపాను. ఆ తాంబూలం ఎవరి చేతిలో పెట్టాలనుకుంటున్నారో తెలిస్తే బండి దిగి పారిపోయేవాణ్ణి.

మా ఇంటి పెద్ద మా పెద్దనాయన. మనిషి మంచివాడే, కానీ ఊరి కట్టుబాటు అంటే ప్రాణం. అరుగు మీద చాప వేయించి, మజ్జిగ ఇప్పించి, పెద్దవారని మాస్టారికి తాంబూలం కూడా ఇచ్చాడు. మాస్టారు అది కళ్ళకద్దుకుని పక్కన పెట్టి, తాను తెచ్చిన పళ్ళెం చేతిలోకి తీసుకున్నారు. వచ్చిన పని చెప్పారు. మా అమ్మ వంటింటి తలుపు వెనక ఉంది. తెల్లచీర అంచు మాత్రం కనిపిస్తోంది.

"వాత్తియారే, మా ఇంట్లో తాంబూలము తీసుకునేది నా పెండ్లాము. ఆమెకియ్యండి, వచ్చి పాడతాది" అన్నాడు పెద్దనాయన.

"పాటకు పిలిచేవాడు తాంబూలం ఎవరికివ్వాలి నాయుడుగారూ? పాడేవారికే కదా?"

"అవును."

"ఏరు దాటించే పాట ఈ ఇంట్లో ఎవరికి వచ్చు?"

పెద్దనాయన చూపు వంటింటి తలుపు మీదికి పోయింది.

"ఇంకొక్క మెట్టు. నా భార్య పోయి చాలా ఏళ్ళయింది. మీరిప్పుడే నాకు తాంబూలమిచ్చారు. ఇవ్వకూడదని మీకు తోచలేదు, తీసుకోకూడదని నాకు తోచలేదు. నా వల్ల మీ ఇంటికి కీడేమీ రాలేదే. ఇందులో ఏ మెట్టు తప్పో చెప్పండి."

అరుగు చుట్టూ ఊరంతా చేరింది. మా పెద్దమ్మ ముక్కు మీద వేలేసుకుంది. నాకైతే తల ప్రాణం తోకకొచ్చింది. పెద్దనాయన తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మెట్లన్నీ సరిగానే ఉండాయి వాత్తియారే. ఎక్కేదానికి మా కాళ్ళే రావడము లే" అన్నాడు చివరికి. కోపంగా అనలేదు. నిజంగానే అన్నాడు.

"అయితే మీరు కూర్చోండి. నేనెక్కుతాను" అని మాస్టారు లేచి వంటింటి గుమ్మం దగ్గరికి నడిచారు. బయటే ఆగి, "అమ్మా, మా కాలేజీకి వచ్చి మీవాళ్ళను ఏరు దాటించాలి" అని పళ్ళెం చాచారు.

తలుపు వెనక నుంచి చప్పుడు లేదు. ఎంతసేపో. పళ్ళెం పట్టుకున్న చేతులు వణకడం నాకు కనిపిస్తోంది. ఆయన దింపలేదు. అప్పుడు మా అమ్మ ఇవతలికి వచ్చి కొంగు పట్టింది. ఆమె కొంగులో ఆకూ వక్కా పడడం నాకు ఊహ తెలిశాక అదే చూడడం.

"వస్తాను సామీ. పాడతానని మాత్రము చెప్పలే" అంది.

అంతే. ఆ వారమంతా నేను కాలు గాలిన పిల్లిలా తిరిగాను. పాడకపోతే నలుగురిలో ఆమెకు అవమానం, పాడితే ఊళ్ళో మాట. పైగా ఇంకో చిక్కు ఉంది, దాని సంగతి మాస్టారికి తెలియదు, నాకు గుర్తుకు రాలేదు. మావైపు ఒక గడపలో తాంబూలం పడితే ఊరందరినీ పిలిచినట్టే. పిలిచాక పోకపోతే తప్పు, వట్టి చేతులతో పోతే ఇంకా తప్పు.

శనివారం మధ్యాహ్నం నలుగురైదుగురు ఆడవాళ్ళు వస్తారని మేము ఎదురు చూస్తుంటే, కాలేజీ గేటు ముందు బండ్ల బారు ఆగింది. కొమ్ములకు రంగులు, మెడల్లో గంటలు. పిల్లా జెల్లా ముసలీ ముతకా, ఊరు ఊరంతా దిగింది. సజ్జల మూటలు, గుమ్మడికాయలు, పెరుగు కుండలు దించుతున్నారు. ప్రిన్సిపాలు గారు కళ్ళజోడు సవరించుకుంటూ పరుగున వచ్చి, "వీళ్ళందరినీ ఎవరు పిలిచారు?" అన్నారు. "తాంబూలం పిలిచిందండీ" అన్నారు మాస్టారు. అప్పటికే ఆయన ఉత్తరీయం నడుముకు బిగించి, గేటు దగ్గర ఆడపిల్ల తండ్రిలా నిలబడి బండి బండికీ చేతులు జోడిస్తున్నారు. హాస్టల్ వంటాయన మొదట నెత్తి కొట్టుకున్నాడు, తరువాత ఆ గుమ్మడికాయలే కోసి పులుసు పెట్టాడు. మా ఊరి ముసలవ్వ ఒకామె బండి దిగి, నాలుగు దిక్కులా చూసి, "పెండ్లికూతురు యాడ నాయనా?" అని మాస్టారినే అడిగింది.

సభ మొదలైంది. మావాళ్ళను వేదిక ఎక్కించారు. వాళ్ళు ఎక్కి, గుండ్రంగా, ముఖాలు లోపలికీ వీపులు జనానికీ పెట్టి కూర్చున్నారు. ఎందుకంటే మా ఆడవాళ్ళు పాడేది ఒకరికొకరు, ఎదురుగా కూర్చున్న జనానికి కాదు. కుర్రాళ్ళు పకపకా నవ్వారు. ప్రిన్సిపాలు గారు ఇటు తిరగమని సైగ చేస్తున్నారు. నాకు సిగ్గూ కోపమూ రెండూ ముంచుకొచ్చాయి. మాస్టారు తన కుర్చీలోంచి లేచి, చెప్పులు విప్పి, వేదిక ఎక్కి ఆ గుండ్రం వెనక నేల మీద చతికిలబడ్డారు. "పాట ఇక్కడుంది. మనమే అక్కడ కూర్చున్నాం" అన్నారు. ఒక్కొక్కరే లేచారు. కాసేపటికి కుర్చీలన్నీ ఖాళీ, గోదాములో ఉన్న మనుషులందరూ ఆ ఆడవాళ్ళ చుట్టూ నేల మీద. ప్రిన్సిపాలు గారు సైతం.

మా అమ్మ ఆ గుండ్రంలో లేదు. దూరంగా గోడకానుకుని, ముసుగు కప్పుకుని కూర్చుంది. పిలవడానికి పెద్దమ్మకు నోరు రాలేదు, వెళ్ళడానికి అమ్మకు కాలు రాలేదు.

పెద్దమ్మా చిన్నమ్మా కలిసి పాట ఎత్తుకున్నారు. పిల్ల అందం, రాజు కబురు, పొయ్యి మీద కుండలు పొయ్యి మీదే వదిలి బయలుదేరడం. చప్పట్లకు పైనుంచి దూది రాలుతోంది, ఎవరూ దులుపుకోవడం లేదు. వెనక గుర్రాలు. ముందు ఏరు. గట్టు మీద పిల్లలూ పశువులూ. అక్కడికి వచ్చి పాట ఆగిపోయింది. హారతి ఇచ్చి ముగించడానికి ఇక్కడ హారతి పళ్ళెం లేదు. పెద్దమ్మ చిన్నమ్మ ముఖం చూసింది, చిన్నమ్మ నేల చూసింది. ఎవరికీ ముందుకు దారి తెలియదు. నేను గోడ వైపు చూడలేక మాస్టారి వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. మా అమ్మను పిలవలేదు, తిరిగి చూడలేదు. తాంబూలం ఇవ్వడమే తన వంతు అన్నట్టున్నారు.

గోడ దగ్గర నుంచి గొంతు లేచింది. మొదటి చరణం బొంగురుగా, తుప్పు పట్టిన గొలుసు బావిలోకి దిగినట్టు వచ్చింది. రెండో చరణానికి తేరుకుంది. మూడోదానికి పైకప్పు అందుకుంది. అది నన్ను విసుక్కునే గొంతు కాదు, పశువులను అదిలించే గొంతు కాదు. ఆ గొంతు మా ఇంట్లో నాతోపాటే ఉందనీ, దాన్ని నేనెన్నడూ వినలేదనీ తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయంలాంటిది కలుగుతుంది. చెట్టు వంగింది. ఒక్కొక్కరే దాటుతున్నారు. చూలాలు దాటింది, దూడలు దాటాయి, విత్తనాల మూట దాటింది. చివర్లో పెళ్ళివారి ఇంటి పెద్దల పేర్లు చేర్చి, వాళ్ళనూ దాటించడం ఆ పాట పద్ధతి. ఇక్కడ పెళ్ళివారు లేరు. మా అమ్మ మా ఇంటి పెద్దల పేర్లు ఎత్తుకుంది. మా తాతలు దాటారు. అప్పుడు మా నాన్న పేరు చెప్పింది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో చెప్పరు. బతికున్నప్పుడూ చెప్పరు, పోయాకా చెప్పరు. మా అమ్మ నోట మా నాన్న పేరు నేను వినడం అదే మొదలు. ఆయన్ను చెయ్యి పట్టుకుని గట్టు మీంచి ఇవతలికి తెచ్చింది. పెద్దనాయన తమ్ముడి పేరు వినగానే పైపంచె ముఖం మీద కప్పుకుని, పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎవరో కుర్రాడు రాసుకోవడానికి కాగితం తీస్తే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "వినడానికే చెవులు చాలడం లేదు, రాతెందుకయ్యా ఇప్పుడు?" అన్నారు. పాట అయ్యాక, ప్రతి సభలోలాగే లేచి నిలబడ్డారు. ఇది మీకెవరిచ్చారు అని అడగాలి. అడగలేదు. వంగి మా అమ్మకు దండం పెట్టి కూర్చున్నారు. ఆమె కంగారు పడి, "అయ్యో సామీ, అది మా అత్త పాట, నాదేముండాది" అంది. అడగని ప్రశ్నకు జవాబు దొరికింది.

ఆ తరువాత ఊళ్ళో జరిగిన పెళ్ళికి పెద్దనాయనే స్వయంగా తాంబూలం తెచ్చి మా అమ్మ కొంగులో పెట్టాడు. అన్ని ఇళ్ళూ మారాయని చెప్పను. ఇప్పటికీ ఆమెను పిలవని గడపలు రెండు మూడున్నాయి, వాళ్ళ పెళ్ళిళ్ళలో పాట గట్టు మీదే ఆగుతుంది. అది వాళ్ళ ఖర్మ. మాస్టారు మాత్రం ప్రతి వేసవికీ మా ఊరు వచ్చేవారు. గొడుగు మడిచి అరుగు మీద పెట్టగానే ఆయన అడిగేది ఒకటే: "ఎవరికిచ్చావమ్మా?" మా అమ్మ నవ్వేది. "ఈ కాలము పిల్లలకు ఓపిక యాడిది వాత్తియారే, మూడో చరణానికే పారిపోతా ఉండారు" అనేది. "పట్టుకో తల్లీ, వదలొద్దు. నువ్వు ఒక్కదానివి దాటిస్తే ఒక తరమే దాటుతుంది" అనేవారు. ఆ మాట మీద ఆమె చుట్టుపక్కల ఆడపిల్లలను పోగు చేసి, పత్తి తీసేటప్పుడు చేలోనే నేర్పడం మొదలుపెట్టింది. తప్పు పాడితే జడ పట్టుకుని లాగేది, ఆమె కోపం ఆమెది.

ఆయన వేరే విషయాల్లో సాధువేమీ కాదు. మొండి. పొడుం మానమని డాక్టరు చెబితే, ఆ డాక్టరు వాదంలోని మెట్లన్నీ విరగ్గొట్టి ఆయన్ను ఇంటికి పంపారు. సాయంత్రం స్టేషనుకు నడిచి వెళ్ళి, కోవిల్‌పట్టి నుంచి వచ్చే ప్యాసింజరు ఆలస్యమైతే ఇంజను డ్రైవరుతో పోట్లాడేవారు. నేను బడిపంతులునయ్యాక ఒకసారి, పిల్లలు మాట వినడం లేదండీ అని మొర పెట్టుకుంటే, "వాళ్ళ మాట నువ్వు విన్నావా?" అన్నారు. పెద్ద మాటేం కాదు. కానీ ఆ మనిషి జీవితమంతా చేసింది అదే. గొప్పవాళ్ళు మాట్లాడుతుంటే విన్నవాళ్ళను చాలామందిని చూశాను. ఎవరూ అడగని గుమ్మం ముందు పళ్ళెం పట్టుకుని, చేతులు వణుకుతున్నా దింపకుండా నిలబడి విన్న మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను.

స్టేషను నుంచి చుట్టాలతో ఊరు చేరేసరికి పెళ్ళి పందిట్లో సందడి. పెళ్ళి పెద్దనాయన మనవరాలిదే. మా అమ్మ స్నానం చేసి పందిట్లోకి పోబోతోంది. ముందు చెప్పకూడదనుకున్నాను, కానీ నా ముఖం దాచుకోవడం నాకెప్పుడూ చేతకాదు. చెప్పాను. ఆమె గడప మీద కూర్చుండిపోయింది.

"కష్టపడినారా?" అని అడిగింది.

"లేదమ్మా. కూర్చున్నవారు కూర్చున్నట్టే."

"మనకు తీట్టు లేదు గదా. రక్తసంబందము లే." కొంతసేపు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఉంది. "మైల లేకపోతే పాడొచ్చు. పోదాం పద" అని లేచింది.

పందిట్లో ఆడవాళ్ళ గుండ్రంలో మధ్యకు వెళ్ళి కూర్చుంది. పాట గట్టు దాకా వచ్చింది. మా అమ్మ ఎత్తుకుంది. చెట్టు వంగేచోట ఆమె గొంతు పట్టేసింది. ఇంకోసారి ప్రయత్నించింది, రాలేదు. ఇంతలో పక్కనున్న పిల్ల, పత్తి చేలో జడ లాగించుకున్న పిల్లల్లో ఒకతె, ఆ చరణం అందుకుంది. ఆమె వెనక ఇంకొకతె. ఇద్దరూ పాటలో మునిగి మా అమ్మ వైపు చూడనే లేదు. పాట సాగిపోతోంది. అమ్మ కాసేపు వాళ్ళ నోళ్ళవైపు చూస్తూ కూర్చుంది. తరువాత నెమ్మదిగా లేచి, గుండ్రం దాటి, పందిరి బయట నా పక్కకు వచ్చి చేరింది. అత్తారింట కాలు పెట్టిన నాటి నుంచి ఆమె ఆ పాటకు లోపలే ఉంది. లేదంటే పాటే లేని గదిలో ఉంది. బయట నిలబడి విన్నది ఎన్నడూ లేదు.

ఆమె ముఖం చూశాను. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, గ్రామఫోను పెట్టె ముందు నిలబడ్డ మనిషి ముఖం అది.

"ఇది ఇట్లా ఉంటాదా?" అంది నా చెయ్యి పట్టుకుని. "ఆ వాత్తియారు వినింది ఇదేనా?"

"ఇదేనమ్మా. నువ్వు ఇంకా బాగా..."

"ఊరకుండు నాయనా" అంది. చూపు తిప్పలేదు. "ఇంకా దాటతా ఉండారు."